అవ్వ వెయ్యని కట్ట

హైదరాబాద్,
మార్చి 3.

మా రామవ్వ పెద్దవ్వకు,

నీ రెండు కాళ్లకు దండం పెట్టి నవత రాస్తున్నాను. ఈ ఉత్తరం ఇప్పుడే ఎందుకంటే, ఈ నెల ఇరవయ్యో తారీఖున నేను ఒక కాగితం మీద సంతకం చెయ్యాలి. అందులో ఒక అబద్ధం ఉంది. అది నీకు సంబంధించిన అబద్ధం. సంతకం చేసేశాక నీకు చెబితే ఏం లాభం?

ఫోన్‌లో చెబుదామని మూడుసార్లు చూశాను. నీకు వినపడక మూడుసార్లూ "ఆఁ, తిన్న బిడ్డా, నువ్వు తిన్నవా" అని పెట్టేశావు. అందుకే మన వాడకట్టు వనజకు పంపుతున్నాను. వనజ అంగన్‌వాడీ నుంచి వచ్చాక నీ ఎడమ చెవి దగ్గర కూర్చుని గట్టిగా చదువుతుంది. కుడి చెవి దగ్గర ఎంత అరిచినా లాభం లేదని ఆమెకు తెలుసు. అంత గట్టిగా చదివితే వాడకట్టంతా వింటుంది. విననీ పెద్దవ్వా. నేను తీసుకున్నది రాష్ట్రమంతా చూస్తుండగా తీసుకున్నాను. ఒప్పుకునేది కనీసం మన వాడకట్టు వినాలి.

శనివారం టీవీలో వచ్చే 'నవ్వుల గిర్నీ' నువ్వు చూస్తావట. మాటలు వినపడకపోయినా రాజవ్వ చేతులు చూసి నవ్వుతావని వనజ చెప్పింది. ఆ రాజవ్వ వేషం వేసేది భానుప్రసాద్ అనే మగమనిషి. ఆమె చెప్పే మాటలు రాసేది నేను. అంటే, నేను రాస్తున్నానని అందరూ అనుకుంటున్నారు. జనాభా లెక్కలకు వచ్చిన సారుతో "కూసో బిడ్డా, నిలవడ్డోనికి నేను జవాబియ్య" అంటుంది రాజవ్వ. కూర్చోగానే ఆయన ఒళ్లో చాట పెడుతుంది. చివరికి ఆ సారు తల వంచుకుని బీడీ ఆకు కత్తిరిస్తుంటాడు, రాజవ్వ ఆయన ఇంట్లో ఎందరున్నారు, ఎవరు వండుతారు, కోడలు మంచిదేనా అని లెక్క తీస్తుంటుంది. ఆ మాట, ఆ చాట, ఆ సారు ఎవరివో నీకు నేను చెప్పాలా? జమునత్త వాళ్ల రేకుల షెడ్డులో, బీడీలు చుట్టే ఇరవై మంది నడుమ కూర్చుని నువ్వు చెప్పినవే అవన్నీ.

నేను ఈ కార్యక్రమంలో చేరింది రాయడానికి కాదు. వేరేవాళ్లు రాసినవి తప్పులు దిద్ది టైపు చేయడానికి. మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటి మనిషిని కాబట్టి తప్పులంటే నాకు భయం ఎక్కువ, అందుకే బాగా దిద్దేదాన్ని. రెండేళ్ల కింద ఒకరోజు ఒక స్కిట్ రద్దయి పది నిమిషాలు ఖాళీ వచ్చింది. మా డైరెక్టర్ శ్యాంసుందర్ సార్ ఎవరి దగ్గరైనా ఏమైనా ఉందా అని అడిగారు. నేను లేచి నిలబడి రాజవ్వనూ జనాభా లెక్కల సారునూ చెప్పాను. నువ్వు చేతులు తిప్పినట్టే నా చేతులు తిరిగాయి. గదిలో అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. సార్ కళ్లు తుడుచుకుని, ఎవరు రాశారమ్మా ఇది అని అడిగారు.

"నేనే సార్" అన్నాను.

ఆ రెండు మాటలే నా తప్పు. ఆ తర్వాత దాదాపు వంద వారాలుగా వాటి మీదనే నిలబడి ఉన్నాను.

పెద్దవ్వా, ఆ షెడ్డును నేను మరిచిపోలేదు. బడి నుంచి వచ్చి, నన్ను కన్న మా అవ్వ పక్కన పలక పట్టుకుని కూర్చునేదాన్ని. తడిసిన ఆకు వాసన, తంబాకు వాసన, ఇరవై కత్తెరల చప్పుడు. జ్వరమొచ్చి లేచాక నీ కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కి బీడీ చుట్టడం పోయింది. అయినా నువ్వు రోజూ అందరిలాగే ఖాళీ చాట పట్టుకుని వచ్చి నడుమ కూర్చునేదానివి. కథ మొదలుపెట్టేదానివి. రాజవ్వ ఇంటికి దయ్యం వచ్చిన రోజు నాకు ఇంకా గుర్తు. దయ్యం జుట్టు విరబోసుకుని గడపలో నిలబడితే రాజవ్వ తల కూడా ఎత్తకుండా "ఎవలింటి దానివే? ఏ ఊరు మీది?" అని అడుగుతుంది. దయ్యం ఊరి పేరు చెబుతుంది. చుట్టరికం తవ్వుతూ పోతే దయ్యం రాజవ్వకు మేనకోడలి వరస అవుతుంది. "అయితే నిలవడ్డవేందే, గా ఆకు తడుపు" అంటుంది రాజవ్వ. మా నాయనమ్మ శంకరవ్వ, ఎవరి మాటకూ నవ్వని మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. "గా రాజవ్వది ఏ ఊరే? ఒక్కసారి సూడాలె దాన్ని" అనేది.

పొద్దుగూకే వేళ లేచేటప్పుడు ప్రతి మనిషీ తాను చుట్టిన వాటిలోంచి ఒక కట్ట, ఇరవై అయిదు బీడీలు, నీ చాటలో వేసిపోయేది. అది దానం కాదని, నీ పని కూలి అని అందరికీ తెలుసు. ఒక్క మా అవ్వ తప్ప అందరూ వేసేవాళ్లు. మా అవ్వ ఒక్కనాడూ వెయ్యలేదు. "కిష్టవ్వ చెవులతోని తింటది గని చేతులతోని పెట్టది" అని జమునత్త అంటే షెడ్డంతా నవ్వేది. నాకు తల కొట్టేసినట్టుండేది. నాలుగో తరగతిలో ఒకరోజు అవ్వ చూడకుండా ఆమె చాటలోంచి ఒక కట్ట తీసి నీ చాటలో వేశాను. నువ్వు అది తీసి నా చేతిలో పెట్టి, "తీస్కపో బిడ్డా. మీ అవ్వది నాకు పొద్దుగాల్నే ముట్టింది" అన్నావు. నా పరువు కాపాడటానికి అబద్ధం ఆడావనుకున్నాను. అప్పటి నుంచి నీ మీద నాకున్న గౌరవం దేవుడి మీద కూడా లేదు.

భానుప్రసాద్ గురించి కూడా చెప్పాలి. జైనూర్ దగ్గరి ఊరాయన. మొదటి రోజు నన్ను కింద కూర్చోబెట్టి, ఆకు ఎలా పట్టాలి, కత్తెర ఎలా ఆడాలి, దారం పళ్లతో ఎలా తెంపాలి అని గంటసేపు అడిగాడు. తర్వాత చీర కట్టుకుని, చాట ఒళ్లో పెట్టుకుని తల ఎత్తాడు. పెద్దవ్వా, మీసాలు గీసుకున్న నలభై ఏళ్ల మగమనిషిలోంచి మన షెడ్డు మొత్తం నన్ను చూసింది. షూటింగ్ చూడటానికి వచ్చిన మూడువందల మంది నవ్వుతుంటే ఆ నవ్వు నేల మీదుగా వచ్చి నా కాళ్లకు తగిలింది. నేను తెర వెనక చేతులు జోడించుకుని నిలబడ్డాను, ఎవరికో తెలియకుండానే.

ఆయన ఒకరోజు నన్ను వింతగా అడిగాడు. "గీ రాజవ్వను ఎవలు చూసిండ్రు నవతా? గింత చూసేటోళ్లు మాట్లాడరు. మాట్లాడేటోళ్లు గింత చూడరు." నాకు అర్థం కాలేదు. నువ్వు రెండూ చేసేదానివి కదా అనుకున్నాను.

ఇప్పుడు వందో రాజవ్వ వస్తోంది. ఇకపై తెర మీద 'రాజవ్వ పాత్రను పుట్టించినవారు' అని ఒక పేరు వేస్తారు. దానికి కాగితం తయారైంది. ఈ పాత్ర పూర్తిగా నా సొంత ఊహ, మరెవరికీ దీనితో సంబంధం లేదు అని అందులో ఉంది. నేను అది చదివి సంచిలో పెట్టుకుని గదికి వచ్చాను.

ఆ పేరు నీది కావాలి పెద్దవ్వా. సార్‌కు నిజం చెప్పేస్తాను, ఉద్యోగం పోతే పోతుంది. నువ్వు ఒప్పుకుంటేనే చెబుతాను. నన్ను తిట్టాలనుకుంటే తిట్టు, వనజ ఉన్నదున్నట్టు రాస్తుంది. పన్నెండో తారీఖు లోపల నీ జవాబు నాకు చేరాలి.

నీ ఖాళీ చాట పక్కన అక్షరాలు దిద్దిన
నవత


హైదరాబాద్,
మార్చి 14.

నా అవ్వకు,

ఈ ఉత్తరాన్ని వనజ మెల్లగా చదవాలి. తలుపు దగ్గరికి వేసి, నీకు మాత్రమే వినపడేటట్టు. ఇది వాడకట్టుకు కాదు.

మొన్నటి ఉత్తరం వనజ రామవ్వ పెద్దవ్వ వాకిట్లో చదువుతుంటే నువ్వు చాట చంకన పెట్టుకుని గోడ మూల నిలబడ్డావట. నువ్వు కట్ట వెయ్యలేదని నేను రాసిన చోటు దాకా విని, ఇంటి దిక్కు మళ్లావట. వనజ అది చెప్పినప్పుడు నీకు కోపం వచ్చిందనుకున్నాను. తర్వాత పెద్దవ్వ జవాబు తెరిచాను. వనజ ఒక్క మాట మార్చకుండా రాసింది. అది నీకు చదివి వినిపిస్తే తప్ప నేను చెప్పేది చెప్పలేను.

"బిడ్డా, నీ ఉత్తరం విన్న. దొంగతనం చేసిన అంటున్నవు. చేసినవేమో గని నా ఇంట్ల చెయ్యలే, మీ ఇంట్లనే చేసుకున్నవు. రాజవ్వ నాది కాదు. మీ అవ్వది. నా చెయ్యి పడిపోయినప్పుడు నేను బతుకుడెట్ల అని ఏడుస్తుంటి. మీ అవ్వ అప్పుడు కొత్త కోడలు. మీ బాపు మస్కట్ పోయిండు. అత్త ముందట కూసుంటే మీ అవ్వకు నోరు పెగలకపోవు. కానీ పొద్దుగాల షెడ్డుకు పోయే తొవ్వల, అందరికన్న ఎనుక నా ఎడమ పక్కన నడుసుకుంట, చెవుల మెల్లగ చెప్పేది. అత్త ఎట్ల పని చెప్తది, ఎవలొచ్చినా ఎట్ల కూసోబెడుతది అని. నేను నవ్వలేక తొవ్వలనే కూలవడేదాన్ని. ఓనాడు ఆమెనే అన్నది, అక్కా, గివి నువ్వు షెడ్డుల చెప్పు, నా పేరు తియ్యకు, తలా ఒక కట్ట ఏస్తరు అని. రాజవ్వ అని పేరు పెట్టింది గూడ ఆమెనే. నాకు చెయ్యి లెవ్వది, ఆమెకు నోరు లెవ్వది. ఇద్దరం కలిసి ఒక్క మనిషి లెక్క బతికినం. ఒక్కసారి ఆమె గూడ కట్ట ఏస్తే నేనే తీసి ఆమె చాటల పడేసిన. పొద్దుగాల ఇచ్చినామె పొద్దుగూకినంక గూడ ఇస్తదా? శంకరవ్వ ఉన్నన్ని దినాలు చెప్పనని ఒట్టేసిన. శంకరవ్వ పోయి మూడేండ్లాయె. ఆ ఒట్టు ఇంక నాతోని మొయ్యరాదు. ఆ కాగితం మీద నా పేరు రాస్తే ఊకోను."

అవ్వా, ఆ జవాబును నేను మళ్లీ మొదటి నుంచి చదివాను.

ఎన్ని విషయాలు ఒకేసారి గుర్తొచ్చాయో ఎలా చెప్పను. షెడ్డులో అందరూ పెద్దవ్వ ముఖం చూస్తూ నవ్వుతుంటే నువ్వు ఒక్కదానివే తల ఎత్తేదానివి కాదు. నీకు కథలంటే ఇష్టం లేదనుకున్నాను. నువ్వు వింటున్నావన్నమాట. ఎక్కడ నవ్వారో, ఎక్కడ నవ్వలేదో, మర్నాడు తొవ్వలో ఏం మార్చాలో. నాయనమ్మ తన నడకను, తన మాటను, తన పెత్తనాన్ని చూసి తానే కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతూ "దాన్ని ఒక్కసారి సూడాలె" అంటుంటే, పక్కనే కూర్చుని నువ్వు బీడీ చుడుతూ ఉన్నావు. దాదాపు వంద వారాలుగా నేను స్కిట్‌లు రాసేవాళ్ల మధ్య ఉన్నాను. పెద్ద చదువులు చదివినవాళ్లున్నారు. అంత ధైర్యం ఉన్న మనిషిని నేను చూడలేదు.

పోయిన దసరాకు నేను ఇంటికి వచ్చినప్పుడు ఇద్దరం కలిసి రాజవ్వను చూశాం, గుర్తుందా? నీ పెదవులు కదులుతున్నాయి. భానుప్రసాద్ మాట అనడానికి ఒక్క క్షణం ముందు కదులుతున్నాయి. మళ్లీ వేసినప్పుడు చూసి కంఠతా పట్టావేమో అనుకున్నాను. అది ఆ రోజే మొదటిసారి వచ్చిన భాగం అవ్వా. ఆ ఆలోచన నాకు అప్పుడు రాలేదు. అయిపోయాక నువ్వు చాయ్ పెట్టడానికి లేస్తూ ఒకే ఒక్క మాట అన్నావు. "వచ్చినాయన కూసున్నంక జర సేపు సప్పుడు చెయ్యద్దు. ఆయన చాట దిక్కు చూడాలె. అప్పుడు అనాలె." నేను హైదరాబాద్ వచ్చి అది భానుప్రసాద్‌కు చెప్పాను. ఆ వారం స్కిట్‌లో ఆయన, వచ్చి కూర్చున్న మనిషి ముందు నోరు మూసుకుని అలాగే ఆగాడు. కూర్చున్నాయన చాట వైపు చూశాడు. ఎవరూ ఏమీ అనకముందే నవ్వు మొదలైంది, ఆగలేదు. శ్యాంసుందర్ సార్ నా భుజం తట్టి, ఎక్కడ నేర్చుకున్నావమ్మా ఇది అన్నారు. మా అవ్వ చెప్పిందని నేను అనలేదు. చదువురాని మనిషి ఏదో అంటే కుదిరిందిలే అనుకున్నాను. రెండు మాటల తప్పు అని పెద్దవ్వకు రాశాను. కాదు, ఇది ఇంకో తప్పు. ఇదే పెద్దది.

ఇంకొకటి కూడా ఉంది. కట్ట దొంగతనం చేసిన రోజు ఇంటికి వచ్చాక నిన్ను నేను అడిగాను. పెద్దవ్వకు రాసిన ఉత్తరంలో అది రాయడానికి నాకు చేతులు రాలేదు. "అందరు ఏస్తరు, నువ్వెందుకెయ్యవు? నీ బిడ్డనని చెప్పుకోనీకి నాకు సిగ్గయితున్నది" అన్నాను. తొమ్మిదేళ్లు నాకు. నువ్వు దీపం దగ్గర ఆకు కత్తిరిస్తున్నావు. కత్తెర ఒకసారి ఆగింది, మళ్లీ ఆడింది. ఒక్క మాట చెబితే అయిపోయేది కదా. పెద్దవ్వ బతుకు ఆ మాట మీద ఉందని, నీ బతుకు కూడా ఆ మాట మీదనే ఉందని, చెప్పకుండా మింగావు. పదహారేళ్లు నా కళ్ల ముందు పిసినారిగా తిరిగావు.

నిన్న ఆ జవాబును రిహార్సల్ గదిలో భానుప్రసాద్‌కు చదివి వినిపించాను. ఆయన రాజవ్వ చీరలోనే ఉన్నాడు. పూర్తయ్యాక తల మీది తెల్లజుట్టు తీసి చాటలో పెట్టాడు. "నేను అనలేదా, చూసినామె వేరే ఉన్నదని" అన్నాడు. "ఆమెకు నా మీద కోపమున్నదేమో అడుగు. అత్త నడక నేను సరిగ్గ నడుస్తున్ననో లేదో అడుగు." నలభై ఏళ్ల మనిషి, రాష్ట్రమంతా తెలిసిన మనిషి, బడిలో మార్కులు అడిగే పిల్లవాడిలా అడిగాడు. నువ్వు ఆయనకు జవాబు చెప్పాలి.

శ్యాంసుందర్ సార్‌కు కూడా అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. రెండేళ్లు ఎందుకు దాచావని మాత్రం అడిగారు. చివరికి ఆయన ఒకటే మాట చెప్పారు. కాగితం మీద పేరు నిజమైనదే ఉండాలి, పక్కన ఆ మనిషి సంతకమో వేలిముద్రో ఉండాలి. ఇరవయ్యో తారీఖున అది లేకపోతే వందో రాజవ్వ ఉండదు. తొంభై తొమ్మిదితో ఆపేస్తాం అన్నారు. నేను నా పేరు పెట్టనని చెప్పి వచ్చాను.

ఇక నిర్ణయం నీది. ఒప్పుకో అని నేను బతిమాలను. ఒప్పుకుంటే నీ పేరు తెర మీద పడుతుంది, మీ అత్తను నువ్వు పాతికేళ్లు నవ్వించింది ఆమె మీద అల్లిన కథలతోనే అని మన మెట్‌పల్లిలో అందరికీ తెలుస్తుంది. నాయనమ్మ వైపు వాళ్లు ఏమంటారో నాకు తెలియదు. మస్కట్ నుంచి బాపు ఏమంటాడో తెలియదు. వద్దంటే రాజవ్వ ఆగిపోతుంది. ఆగినా నాకు బాధ లేదు అవ్వా, ఒట్టు. ఆమె నీ మనిషి, నువ్వు రమ్మంటే నడుస్తుంది, ఆగమంటే కూర్చుంటుంది. నేను మళ్లీ టైపు చేసుకుంటాను, తప్పులు దిద్దుకుంటాను. ఇప్పుడు ఏది తప్పో కొంచెం బాగా తెలుస్తుంది.

ఒప్పుకుంటే ఆ కాగితం దీంతోనే ఉంది. నీ పేరు దగ్గర ఖాళీ వదిలాను. 'కిష్టవ్వ' అని మాత్రం పెన్సిల్‌తో సన్నగా రాశాను, నీకు నచ్చితే దాని మీదనే దిద్దవచ్చు. నాకు అక్షరాలు దిద్దడం వచ్చింది నీ చాట పక్కనే కదా. వేలిముద్ర వేసినా సరే.

ఒక్క సంగతి మాత్రం అడుగుతున్నాను. జవాబు రామవ్వ పెద్దవ్వ చెవిలో చెప్పి ఆమెతో పంపించకు. వనజను ఎదురుగా కూర్చోబెట్టుకుని నీ నోటితో నువ్వే చెప్పు, ఔనని గానీ, వద్దని గానీ. నీ మాట వినాలని ఉంది. పంతొమ్మిదో తారీఖు సాయంత్రం లోపల నాకు అందాలి.

నీ బిడ్డనని చెప్పుకునే
నవత